తప్పిపోయే వంతు

నాలుగేళ్ళ పిల్లలకు ఏమైనా నేర్పవచ్చు. చిక్కల్లా వాళ్ళు నిజంగా నేర్చేసుకోవడంలోనే ఉంది. పెద్దవాళ్ళయితే చెప్పినదాంట్లో సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. దాంతో మనం చెప్పిన తెలివితక్కువ మాటలు కూడా ఎవరికీ తెలియకుండా గాలికి పోతాయి. పిల్లలు దేన్నీ పోనివ్వరు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ మధ్యే బతుకుతున్నదాన్ని, ఇంతమాత్రం నాకు తెలిసి ఉండాల్సింది.

మాది ఒక మూడంతస్తుల ఆఫీసు భవనం కింద నడిచే క్రెష్. పైన పనిచేసేవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని మాకు అప్పగించి లిఫ్టు ఎక్కుతారు. మాకు రెండు గదులు. ఒకటి ఆటల గది, ఒకటి మధ్యాహ్నం పడుకోబెట్టే గది. రెంటికీ ముందు ఒకే నడవా. నడవాకి ఆ చివర మెట్లు, మెట్ల కింద కరెంటు ప్యానెల్. ఈ చివర పెరట్లోకి తలుపు. పిల్లలు పదిహేను మంది. వాళ్ళను చూసుకోవడానికి నేనూ, మోకాళ్ళ నొప్పులతో ఒక ఆయమ్మా.

పోయినేడాది ఫైర్ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి తనిఖీకి వచ్చాడు. నవ్వు మొహం, నెమ్మదైన మాట. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి. మాకు తెలియకుండా ఒక పిల్లాణ్ణి బాత్రూములో నిలబెట్టి, తర్వాత గంట కొట్టించాడు. మేం పిల్లలతో పెరట్లోకి వచ్చాం. ఆయమ్మ వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "పదిహేనూ ఉన్నారు సార్" అంది, ఏ మాత్రం తడుముకోకుండా. ఆయన లోపలికి వెళ్ళి, ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "మరి వీడు పదహారోవాడా అమ్మా?" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. ఆయన వెళ్ళాక ఆయమ్మ మీద గంటసేపు విరుచుకుపడ్డాను. తర్వాత కూర్చుని ఒక పద్ధతి తయారుచేశాను. ఆ పద్ధతి చూసుకుని నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

పద్ధతి ఇది. ప్రతి బుధవారం పదిన్నరకి గంట మోగుతుంది. పిల్లలందరూ ఉంగరాలు కుట్టిన పొడుగు తాడు పట్టుకుని, వరసగా, పరుగెత్తకుండా పెరట్లోకి రావాలి. ఒక్కరు మాత్రం రారు. ఆ వారం ఎవరి వంతయితే వాళ్ళు లోపలే ఎక్కడో దాక్కుంటారు. బయట ఆయమ్మ లెక్కపెట్టి, తగ్గింది ఎవరో కనిపెట్టాలి. అప్పుడు నేను లోపలికి వెళ్ళి వెతికి తీసుకొస్తాను. తప్పిపోయినవాళ్ళకు ఇంటికెళ్ళేదాకా నా విజిలు మెడలో వేసుకునే గౌరవం.

దీనికి నియమాలు కూడా పెట్టాను. దాక్కున్నవాళ్ళు చప్పుడు చెయ్యకూడదు. పేరు పెట్టి పిలిచినా బయటికి రాకూడదు. నేను వచ్చి తల మీద చెయ్యి వేస్తేనే రావాలి. ఎందుకంటే మొదటి వారం బఠాణీ అనే పిల్ల, ఆయమ్మ ఇంకా లెక్కపెట్టక ముందే "ఇక్కడున్నా" అని కిటికీలోంచి అరిచి మొత్తం పాడుచేసింది. ఇక బయట ఉన్నవాళ్ళు, ఎవరు తప్పిపోయారో ఎక్కడున్నారో చెప్పకూడదు. ఆయమ్మ అడిగినా, నేను అడిగినా సరే. "నేను పరీక్ష పెడుతుంటాను, జాగ్రత్త" అని కూడా అన్నాను. అందరూ నోటిమీద వేలేసుకునేవాళ్ళు.

ఇవన్నీ చేసేటప్పుడు ప్రతిసారీ ఒక మాట చెప్పేదాన్ని. "ఇది ఆట కాదు. నిజమనుకోండి."

బాత్రూములో దొరికిన ఆ పిల్లాడికి మేం లాయరని పేరు పెట్టాం. ప్రశ్న వెయ్యకుండా పాలు కూడా తాగడు. "మంటలొస్తే మళ్ళీ లోపలికి వెళ్ళకూడదన్నారు కదా టీచర్. మరి మీరెందుకు వెళ్తారు?" అని ఒక బుధవారం అడిగాడు.

"నేను టీచర్ని కాబట్టి."

"టీచర్లు కాలరా?"

దానికి నేనేం చెప్పానో గుర్తులేదు. పాలు తాగమని ఉంటాను.

మా తమ్ముడు ఆ భవనంలోనే రెండో అంతస్తులో పనిచేస్తాడు. నాలుగు నెలల కింద ఒక పిల్లాడు మానేస్తే, ఆ ఖాళీలో వాడి కూతుర్ని మా క్రెష్‌లో వేశారు. ఇంట్లో దాన్ని పిట్ట అంటాం. సన్నగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. చేరిన మొదటి వారమే ఒక తల్లి ఇంకో తల్లితో, "టీచరుగారి మేనకోడలికి రెండు బిస్కెట్లట" అనడం నా చెవిన పడింది. ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి పిట్టకి అన్నిట్లో చివరి చోటు. ఉయ్యాల చివర, రంగు పెన్సిళ్ళు చివర, కథ చెప్పేటప్పుడు నా ఒడి అసలే లేదు.

తప్పిపోయే వంతు కూడా అంతే. నాలుగు నెలల్లో అందరికీ ఒకసారి వచ్చింది. లాయరుకి రెండోసారి కూడా వచ్చింది. పిట్టకి మాత్రం రాలేదు.

"అత్తా, నా వంతు ఎప్పుడు?" అని ఒకరోజు ఇంట్లో అడిగింది.

"స్కూలు సంగతి స్కూల్లో అడగాలి. అక్కడ నేను అత్తని కాదు, టీచర్ని."

మర్నాడు స్కూల్లో వచ్చి నిలబడి, "టీచర్, నా వంతు ఎప్పుడు?" అంది. అందరూ వింటున్నారు. "వచ్చినప్పుడు వస్తుంది" అన్నాను. "సరే" అని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. నా నిజాయితీకి మూల్యం అంతా ఆ పిల్ల చెల్లిస్తోందని అప్పుడు తోచలేదు. పైగా మా మరదలితో, "నీ కూతురు బుద్ధిమంతురాలు, పేచీ పెట్టదు" అని మెచ్చుకున్నాను కూడా.

ఒక మంగళవారం, పదకొండు కావస్తోంది. పిల్లలు మట్టి ముద్దలతో ఏవో చేస్తున్నారు. అన్నీ పాముల్లాగే ఉన్నాయి. గంట మోగింది.

నాకు మొదట వచ్చింది భయం కాదు, విసుగు. వాచ్‌మన్ రోజు మరిచిపోయి ఒకరోజు ముందే గంట కొట్టేశాడనుకున్నాను. తిడదామని నడవాలోకి తల పెట్టాను. మెట్ల వైపు నుంచి రబ్బరు కాలిన వాసన వచ్చింది. పైన ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. నాకు ఇంకా సరిగ్గా అర్థం కాలేదు. ఇది బుధవారం గంటా, నిజం గంటా అని ఒక క్షణం నిజంగానే ఆలోచిస్తూ నిలబడ్డాను.

"తాడు," అన్నాను. "లేవండి. తాడు పట్టుకోండి."

పిల్లలు మట్టి చేతులతోనే తాడు పట్టుకున్నారు. లాయరు మాత్రం నిలబడి, "టీచర్, ఇవాళ మంగళవారం" అన్నాడు.

"తెలుసు. పట్టుకో."

"మరి ఇవాళ ఎవరి వంతు?"

"ఎవరి వంతూ కాదు."

"ఎవరిదీ కాదా?"

"కాదన్నాను కదా. నోరు మూసుకుని నడు."

నడిచారు. ఆ మాట నిజం, చాలా బాగా నడిచారు. ముందు నేను, చివర ఆయమ్మ. ఆయమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి, వరస నడవాలో పడుకునే గది దాటాక గానీ ఆటల గది గుమ్మం దాటలేదు. ఒకరూ ఏడవలేదు, ఒకరూ తొయ్యలేదు. పొగ పల్చగా మా వెనకాలే నడవాలోకి వస్తోంది. పెరటి తలుపు దాటి, నీళ్ళ ట్యాంకు పక్కన ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాం. ఆఫీసు వాళ్ళందరూ ముందు గేటు వైపు వెళ్ళారు, వాళ్ళ అరుపులు అటు నుంచి వినిపిస్తున్నాయి.

లెక్కపెట్టాను. పద్నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాను, నా జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకుంటూ. పద్నాలుగే.

ప్రాణం కుదుటపడింది.

ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. పదిహేను మంది పిల్లలున్న మనిషి పద్నాలుగు లెక్కపెట్టి హమ్మయ్య అనుకోవడమేమిటని అడుగుతారు. కానీ ఏడాదిగా ప్రతి బుధవారం ఆ ట్యాంకు పక్కన నిలబడి, ఆయమ్మతో పాటు నేనూ లెక్కపెడితే వచ్చే అంకె పద్నాలుగు. పదిహేనైతే ఎక్కడో తప్పు జరిగినట్టు. పద్నాలుగు వస్తే అంతా పద్ధతి ప్రకారం జరిగినట్టు. నా వేలికీ, నా నాలుకకీ అలవాటైపోయిన అంకె అది. నా బుర్ర దాన్ని వినగానే, సరిపోయింది అని సంతకం పెట్టేసింది.

ట్యాంకు గట్టు మీద కూర్చున్నాను. ఆయమ్మ సీసా ఇస్తే నీళ్ళు తాగాను. "చూశావా ఆయమ్మా," అన్నాను, "ఒక్కరైనా కంగారు పడ్డారా? ఆ ఫైరాఫీసు పెద్దమనిషి ఇప్పుడు రావాలి, చూసి పోవాలి." ఆయమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ, "అంతా మీ చలవే టీచరమ్మా" అంది. నేను కాదనలేదు. మెట్ల దగ్గర కిటికీలోంచి నల్లటి పొగ లేస్తోంది. వాచ్‌మన్ ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు.

బఠాణీ వచ్చి నా చెంగు లాగింది.

"టీచర్, వెతకడానికి వెళ్ళరా?"

"ఎవర్ని?"

బఠాణీ కిసుక్కున నవ్వి నోటిమీద వేలేసుకుంది. "అది చెప్పకూడదు కదా."

దాని మొహం వంక చూస్తూ ఉండిపోయాను. ఏం అంటోందో తెలుస్తోంది, కానీ మనసులోకి దిగడం లేదు. ఇవాళ మంగళవారం. ఇవాళ ఎవరి వంతూ కాదు. మరి ఈ పిల్ల ఎవర్ని వెతకమంటోంది? అంకెలు వదిలేసి మొహాలు చూడడం మొదలుపెట్టాను. లాయరు ఉన్నాడు. కవలలు ఉన్నారు. ఎప్పుడూ ముక్కు కారే పిల్ల ఉంది. చివరిదాకా వచ్చాను. మా పిట్ట లేదు.

"పిట్ట ఏది?" అన్నాను.

పద్నాలుగు వేళ్ళు పద్నాలుగు నోళ్ళ మీదికి వెళ్ళాయి.

"ఎక్కడుందో చెప్పండి. ఎవరు చూశారు?"

ఎవరూ పలకలేదు. కొందరికి నవ్వు ఆగడం లేదు.

"ఒరేయ్, ఇది ఆట కాదు. ఇది నిజం."

"నిజమనే అనుకుంటున్నాం టీచర్," అన్నాడు లాయరు వినయంగా.

"అనుకోవడం కాదు. నిజంగా నిజం."

వాడు తల ఊపాడు. నిజంగా నిజమని కూడా అనుకోగలనన్నట్టు ఊపాడు. ఇంకో మాట కోసం వెతికాను. నిజం కన్నా నిజమైన మాట నా దగ్గర లేదు. ఉన్న ఒక్కదాన్నీ ప్రతి బుధవారం వాడి వాడి అరగదీసి పెట్టాను.

బఠాణీ భుజాలు పట్టుకుని కుదిపేశాను. "నువ్వు చూశావు. చెప్పు. చెప్తావా లేదా?" అని గట్టిగా అరిచాను. ఇరవై రెండేళ్ళలో ఏ పిల్లనీ అలా పట్టుకోలేదు. బఠాణీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పెదాలు వణికాయి, వేలు మాత్రం తియ్యలేదు. అటువైపు ఒక పిల్ల పక్కదానితో, "టీచర్ పరీక్ష పెడుతోంది" అని గుసగుసలాడింది. మిగతావాళ్ళు రెండో చెయ్యి కూడా నోటికి అడ్డం పెట్టుకున్నారు.

దాన్ని వదిలేసి తలుపు వైపు పరుగెత్తాను. "లోపలికి వెళ్ళకూడదు టీచర్" అని లాయరు వెనక నుంచి కేకపెట్టాడు. నడవాలో అడుగుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అంతే. ముందు చెయ్యి కూడా కనిపించలేదు. గొంతులోకి ఏదో గుడ్డ కుక్కినట్టయింది. ఎటు తిరిగానో తెలియదు. గోడ తడుముకుంటూ మళ్ళీ వెలుతురులోకి వచ్చిపడ్డాను. మూడడుగులు వేసిన మనిషి నాలుగోది ఎందుకు వెయ్యలేదని ఎవరైనా అడిగితే ఇంతే చెప్పగలను. ఊపిరి ఆడలేదు, వచ్చేశాను.

నేను దగ్గుతూ లేచేసరికి ఆయమ్మ నేల మీద చతికిలబడి ఉంది. కింద కూర్చుంటే మళ్ళీ లేవలేనని ఏడాదిగా కుర్చీ మీద తప్ప కూర్చోని మనిషి. బఠాణీని దగ్గరికి తీసుకుని, జుట్టు పక్కకి తొలగించి, చెవి దాని వైపు పెట్టింది.

"ఎప్పట్లాగే నా చెవిలో చెప్పెయ్ తల్లీ," అంది.

బఠాణీ ఒకసారి నా వైపు దొంగచూపు చూసి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఆయమ్మ చెవిలో ఏదో చెప్పింది.

"దుప్పట్ల బీరువాలో ఉందట టీచరమ్మా. పడుకునే గదిలో."

"ఎప్పట్లాగే ఏమిటి?" అన్నాను.

అంత కంగారులోనూ ఆ ప్రశ్నే ఎందుకొచ్చిందో తెలియదు. ఆయమ్మ తల దించుకుంది. "నాకు లెక్క నిలవదమ్మా. మీరు అరుస్తారని పిల్లలే ప్రతి వారం చెవిలో వేసేవాళ్ళు."

ఏడాది పాటు ఆయమ్మకి లెక్క నేర్పాననుకున్నాను. ఆయమ్మ నేర్చుకోలేదు. లెక్క నాకు వచ్చనుకున్నాను. నాకే రాలేదు. పిల్లలు నియమం తప్పుతున్నందుకు ఇప్పుడు పిట్ట ఎక్కడుందో తెలిసింది, నియమం తప్పనందుకు ఇంతసేపు తెలియలేదు. ఇందులో ఎవరిని తిట్టాలో, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలియలేదు. అంత ఆలోచించే తీరిక కూడా లేదు. భవనం చుట్టూ తిరిగి పడుకునే గది కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఇనప చువ్వలు, లోపల అద్దం తలుపులు, పరదా. చెయ్యి దూర్చి అద్దం మీద కొట్టాను.

"పిట్టా, బయటికి రా. అత్తని. ఈ కిటికీ దగ్గరికి రా అమ్మా."

లోపల ఏ అలికిడీ లేదు.

"పిట్టా, అయిపోయింది, వచ్చెయ్."

పిలిస్తే రాకూడదని నేర్పింది నేనే. అది నా మాట వింటూ ఉండి ఉంటుంది. దుప్పట్ల మధ్య మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, నా గొంతు గుర్తుపట్టి, ఇంకా గట్టిగా నోరు మూసుకుని ఉంటుంది. నేను ఎంత గట్టిగా పిలిస్తే అంత గట్టిగా. ఆ సంగతి తోచాక అరవాలా మానాలా అన్నది కూడా తెలియక, అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను.

ఫైరింజను ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నా భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. మాస్కు నుదుటి మీదికి నెట్టుకుని, ఒక కుర్రాడు, "ఎంతమంది లోపల?" అన్నాడు.

"ఒకతి. ఈ గదే. ఎడం పక్క దుప్పట్ల బీరువా. పిలిస్తే పలకదు. బయటికి రాదు. మీరే తలుపు తియ్యాలి."

"మాటలు రావా పాపకి?"

"వస్తాయి," అన్నాను.

అతను అర్థం కానట్టు చూసి, ఇంకేం అడగకుండా వెళ్ళాడు. అతను పెరటి తలుపులోంచి దుప్పటి మూటతో వచ్చేదాకా నేను ఏం చేశానో ఆయమ్మ చెప్పింది. ట్యాంకు దగ్గరికి వచ్చి నిలబడి లెక్కపెట్టానట. పిల్లల్ని, మళ్ళీ మళ్ళీ, పైకి వినపడేలా.

మూటలోంచి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. పిట్ట మొహం మసి, కళ్ళు ఎర్రగా, ఒకటే దగ్గు. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఆ కుర్రాడి గుండె మీద పిడికిలితో గుద్దుతోంది. "బీరువా తలుపు దగ్గరగా వేసుకుంది కాబట్టి సరిపోయింది," అన్నాడతను, ఆయాసపడుతూ. "నేను తలుపు తీస్తే వెనక్కి జరిగిందమ్మా. రమ్మంటే తల అడ్డంగా ఊపింది. నన్ను చూసి భయపడిందేమో."

అది భయం కాదని నాకు తెలుసు.

సాయంత్రందాకా ఆసుపత్రిలో ఉంచుకుంటామన్నారు. గండం గడిచినట్టే, పొగ ఎక్కువ పీల్చలేదు, ఊరికే గమనించడానికే అన్నారు. మంచం మీద పిట్ట మూతికి ఆక్సిజన్ మాస్కు. పక్కన మా మరదలు దాని పాదాలు పట్టుకుని కూర్చుంది. ఆఫీసు మేనేజరు వచ్చి మా తమ్ముడి చెయ్యి ఊపి, నా వైపు తిరిగి, మీలాంటి టీచరు ఉండడం మా అదృష్టం అన్నాడు. పద్నాలుగు మందిని ఒక్క గీత పడకుండా బయటికి తెచ్చారు అన్నాడు.

తమ్ముడు నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. వాడు ఏడ్చి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఏడుస్తున్నాడు. "అక్కా, ఆ ఫైరు కుర్రాడు చెప్పాడు. బీరువాలో ఉందని నువ్వే చెప్పావట. నువ్వు చెప్పకపోతే గదులన్నీ వెతికేసరికి ఏమయ్యేదో." కాసేపు వాడి చెయ్యి అలాగే ఉండనిచ్చాను. బరువుగా, వెచ్చగా ఉంది. నాకు అది కావాలనిపించింది.

నర్సు మాస్కు తీసి నీళ్ళు పట్టించింది. పిట్ట రెండు గుక్కలు తాగింది. అందర్నీ ఒకసారి చూసి, నా దగ్గర ఆగింది.

"టీచర్," అంది.

స్కూలు బయట అది నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు.

"మీరెందుకు రాలేదు?"

మా మరదలు కంగారుగా, "అలా అనకూడదమ్మా, అత్త కాదూ నిన్ను..." అని ఏదో అనబోయింది. పిట్ట వాళ్ళమ్మ మాట వినడం లేదు.

"అందరి వంతులోనూ మీరే వచ్చారు. లాయరుకి రెండుసార్లు వచ్చారు. ఇవాళ ఎవరి వంతూ కాదన్నారు కదా, మిగిలింది నాదే. నా వంతుకి ఆ ఫైరాయన్ని పంపారు."

దానికి కోపం లేదు. అదే భరించలేకపోయాను. లెక్కలో ఎక్కడో తేడా వచ్చినట్టు, ఆ తేడా నేను సరిచేస్తానన్నట్టు అడుగుతోంది. వచ్చాను అని చెప్పవచ్చు. అది అబద్ధం కాదు, మూడడుగులు వేశాను. పొగ గురించి చెప్పవచ్చు. పెద్దవాళ్ళు కూడా లోపలికి వెళ్ళకూడదనే కొత్త పాఠం చెప్పవచ్చు. తమ్ముడూ మరదలూ ఆ మాటే అందుకుని దానికి నచ్చజెప్పేవాళ్ళు. ఒక్క వాక్యం చాలు, అందరం ఇంటికి పోవచ్చు.

"నువ్వు లేవని నాకు తెలియలేదు," అన్నాను.

పిట్ట చూస్తోంది.

"లెక్కపెట్టాను. పద్నాలుగు వచ్చింది. సరిపోయిందనుకున్నాను."

"నేను లేకుండానా?"

"నువ్వు లేకుండానే."

నా భుజం మీద తమ్ముడి చెయ్యి కదలలేదు, కానీ దాంట్లో బరువు పోయింది. కాసేపటికి చెయ్యి కూడా పోయింది. మరదలు నా మొహం వంక చూడలేదు. కూతురి పాదాల వంకే చూస్తూ ఉంది.

"ఎంతసేపు?" అంది పిట్ట.

"ఏమిటి ఎంతసేపు?"

"ఎంతసేపు తెలియలేదు?"

గడియారం చూసుకోలేదు. "గట్టు మీద కూర్చున్నాను," అన్నాను. "నీళ్ళు తాగాను. ఆయమ్మతో, మన పిల్లలు ఎంత బాగా వచ్చారో అని చెప్పాను. అంతసేపు."

పిట్ట ఆలోచించింది. నీళ్ళు తాగడం, గట్టు మీద కూర్చోవడం, మాట్లాడడం, ఒక్కొక్కటీ ఎంతసేపో దాని మనసులో కొలుచుకుంటున్నట్టుంది. మళ్ళీ దగ్గు వచ్చింది. నర్సు మాస్కు పెట్టబోతే చేత్తో ఆపింది.

"మరి తర్వాత ఎలా తెలిసింది?"

"బఠాణీ అడిగింది. వెతకడానికి వెళ్ళరా అని."

"బఠాణీకి తెలుసా నేను లేనని?"

"తెలుసు. మొదటినుంచీ తెలుసు."

దాని మొహంలో ఏదో కుదురుకుంది. దిండు మీద తల తిప్పి వాళ్ళమ్మ వైపు చూసింది.

"అమ్మా, బఠాణీ ఇంటికి వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయి ఉంటుందమ్మా. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడట."

"నేను స్కూలుకెళ్ళాక దాని పక్కనే కూర్చుంటాను," అంది.

నాతో కాదు, వాళ్ళమ్మతో అంది. నర్సు మాస్కు పెట్టింది. ఎక్కడ కూర్చోవాలో తేల్చేది స్కూల్లో నేనే. ఎవరూ నన్ను అడగలేదు.